కుడి మోకాలి సంగతి

కలీనా, సస్కచెవాన్
12 నవంబరు 1981

ఒరెస్ట్‌కి, అక్క జెన్యా మండిపడుతూ రాస్తున్నది.

సొంత తమ్ముణ్ణి పై లీగులోంచి కింది లీగుకి తోసేశారన్న కబురు అక్కకి ఎవరు చెప్పాలి? తమ్ముడు చెప్పాలి. నాకు చెప్పిందెవరు? రేడియోవాడు. మంచు హాకీ రింకు క్యాంటీన్‌లో రెండు చేతులూ పిండిలో పెట్టుకుని, బంగాళదుంప కూరి పిరోహీలు మడుస్తుంటే, "హామిల్టన్ క్లబ్బు తన సీనియర్ డిఫెన్స్ ఆటగాడు ఒరెస్ట్ హవ్రిలుక్‌ని బాథర్స్ట్ జట్టుకి పంపించింది" అని ఒక్క ముక్క అని, అదే గుక్కలో పందుల ధర చదివేశాడు. పదకొండేళ్ళు గోలు ముందు నిలబడి, మీదికొచ్చిన ప్రతి పక్ బిళ్ళనీ ఒంటితో ఆపినవాడికి పందులకిచ్చినంత మర్యాద కూడా ఇవ్వలేదు. నేను పిండి చేత్తోనే రేడియో కట్టేశాను. ఆ పిండి ఇంకా దాని మీద ఎండిపోయి ఉంది.

మీ బావ ఇంకో సంగతి చెప్పాడు. ఆయనకి ఈ నియమాలన్నీ తెలుసు కదా, రోజంతా మంచు సాపు చేసే బండి మీద కూర్చుని ఆలోచించేది ఇవే. ఇన్నేళ్ళు ఆడినవాణ్ణి ఊరికే కిందికి దింపకూడదట. ముందు వాడి పేరు మిగతా క్లబ్బులన్నిటికీ తిప్పాలట. ఎవరికి కావాలంటే వాళ్ళు రెండు రోజుల్లో ఎత్తుకుపోవచ్చట. ఎవరూ నోరు విప్పకపోతేనే కిందికి. అంటే ఏమిటి? లీగు లీగంతా నీ పేరు చదివి, నమిలి, పక్కన ఉమ్మేసిందన్నమాట. ఒక్కడికి కూడా బుద్ధి లేదా? నిరుడు వాళ్ళు కొనుక్కున్న డిఫెన్స్ ఆటగాళ్ళని చూశాను నేను. మా కోళ్ళు అంతకంటే బాగా వెనక్కి స్కేట్ చేస్తాయి.

ఫోను చేద్దామంటే మా లైను మీద ఇంకో ఏడు ఇళ్ళున్నాయి. నేను హలో అనేసరికి అవతల ప్రోకోపమ్మ ఊపిరి వినబడుతుంది. అందుకే రాస్తున్నాను.

మోకాలు ఎలా ఉంది? ప్రతి వేసవీ నా వంటింట్లో కూర్చుని బాతు కొవ్వు రాయించుకుంటావే, ఆ కుడి మోకాలు. దాని సంగతి బయటపడిందా? దానివల్లేనా ఇదంతా? దాచకుండా రాయి.

నీ అక్క,
జెన్యా


బాథర్స్ట్, న్యూ బ్రన్స్‌విక్
20 నవంబరు 1981

అక్కా,

నీ కవరు ముట్టుకుంటేనే చెయ్యి కాలింది. చెప్పనందుకు తిట్టావు, తిట్టు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? లోరైన్‌కి చెప్పడానికే కారులో గంటసేపు ఊరు చుట్టూ తిరిగాను. మరదలు ఏమంది అని అడుగుతావు. నా ఇస్త్రీ చొక్కాలు సర్దింది. పిల్ల స్కూలు మధ్యలో మాన్పించలేం కాబట్టి వాళ్ళిద్దరూ హామిల్టన్‌లోనే ఉన్నారు. నేనిక్కడ ఒక ముసలావిడ ఇంట్లో మేడ మీద గది తీసుకున్నాను. ఫోను నడవలో ఉంటుంది, అద్దెకున్నవాళ్ళంతా అక్కడే బట్టలు ఆరేసుకుంటారు. కనక నేనూ ఉత్తరాలే.

ఎలా జరిగిందో చెబుతాను. పొద్దున రింకుకి వెళ్ళేసరికి కొక్కేనికి నా నంబరున్న ఆట స్వెట్టరు లేదు. మేనేజరు డగ్గన్ రమ్మంటున్నాడన్నారు. "కూర్చో ఒరెస్ట్, నువ్వు మా కుటుంబంలో మనిషివి" అన్నాడు. అక్కా, క్లబ్బువాళ్ళ నోట కుటుంబం అన్న మాట వచ్చిందంటే ఇక సామాను సర్దుకోవాల్సిందే. సగం చెప్పేసరికి ఫోను మోగింది. ఎత్తాడు! నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి చేపలా, మాంసమా అని తేల్చుకున్నాడు. ఫోను పెట్టి, "ఎక్కడున్నాం?" అని నన్నే అడిగాడు. నా ముక్కు రెండుసార్లు విరిగింది వాళ్ళ కోసం. ముందు పళ్ళు ఒక్కటీ నావి కావు. కుర్చీ ఎత్తి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. "చేపల దగ్గరున్నాం సార్" అని లేచి వచ్చేశాను.

ఇక్కడ అన్నీ బస్సు ప్రయాణాలే. నా కాళ్ళు పట్టే సీటు ఒక్కటీ లేదు. మొదటి రోజు ఒక కుర్రాడు పక్కన కూర్చుని, "మా అమ్మకి మీ ఆటంటే చాలా ఇష్టమండీ" అన్నాడు. అమ్మకి! నాతో జోడీగా డిఫెన్స్ ఆడేది మెక్‌ఫేల్ అని ఇరవై రెండేళ్ళవాడు. పక్ దొరికితే చాలు ముందుకి పరిగెత్తుతాడు, వెనక గుమ్మం నేను కాయాలి. మంచివాడే. కోచ్ థెరియో మర్యాదస్తుడు, నా వైపు చూసేటప్పుడు మాత్రం కాస్త జాలి ఎక్కువ పోస్తాడు.

మోకాలి సంగతి బయటపడలేదు. నీకూ, బావకీ, లోరైన్‌కీ తప్ప హామిల్టన్ డాక్టరుకీ డగ్గన్‌కీ తెలుసు. డాక్టరు ఆటకి ముందు సూది పొడిచి నోరు మూసుకునేవాడు. డగ్గన్ కూడా నోరు విప్పడు, ఎందుకంటే నన్ను రేపు ఎవరికైనా అంటగట్టాలంటే నేను దుక్కలా ఉన్నట్టు కనబడాలి. ఈ ఆటలో నొప్పి ఎక్కడుందో చెప్పుకున్నవాడి పని అయిపోయినట్టే. మరునాడు ఎదుటి జట్టు కర్రలన్నీ అక్కడికే వస్తాయి, కొనేవాళ్ళు మొహం తిప్పుకుంటారు. అందుకని దణ్ణం పెడతాను, ఎవరితోనూ ఏమీ అనకు. నా కోసం ఏమీ చెయ్యకు.

నీ తమ్ముడు,
ఒరెస్ట్


కలీనా
30 నవంబరు 1981

ఒరెస్ట్‌కి, అక్క దీవెనలు, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

"ఏమీ చెయ్యకు" అని రాసి దాని కింద గీత కూడా గీశావు. నువ్వు చిన్నప్పటి నుంచీ పుస్తకాల్లోనే గీత గీసినవాడివి కాదు. ఆ గీత చూడగానే నాకు అర్థమైపోయింది, నిన్ను ఎవరో భయపెట్టారు. నోరు విప్పితే ఇంకా కిందికి తోస్తామన్నారా? అదే అయి ఉంటుంది. నువ్వు రాయలేవు కాబట్టి రాయలేదు. సరే, అడగను.

ఊళ్ళో సంగతులు విను. పొద్దున కాఫీకి వచ్చే మగవాళ్ళ బల్ల నీకు తెలుసుగా, కిటికీ పక్కది. ఆ ప్రోకోపు, చెప్పులో కాలు సరిగా పెట్టుకోలేనివాడు, "ఒరెస్ట్‌కి వయసైపోయిందిలే, ముప్ఫై అయిదంటే హాకీలో తాత" అన్నాడు. వాడి ముందున్న కప్పు తీసుకుని సింకులో ఒంపేశాను. "అదేంటి జెన్యా, సగం కూడా తాగలా!" అన్నాడు. "నీకూ వయసైపోయింది, కాఫీ పడదు" అన్నాను. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చి తలుపు దగ్గరే నిలబడి, రావచ్చా అని అడిగాడు.

కానీ అసలు మంట ప్రోకోపు పెట్టింది కాదు. శనివారం టీవీలో ఆట మధ్య విరామంలో నీ డగ్గన్‌ని కూర్చోబెట్టారు. చక్కగా టై కట్టుకుని, నవ్వుతూ అన్నాడు: "ఒరెస్ట్ మంచి మనిషి. కానీ ఈ ఏడు ఆట మీద మనసు పెట్టడం లేదు. దెబ్బల్లోకి వెళ్ళాలంటే వెనకాడుతున్నాడు." మీ బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు, లేకపోతే టీవీ మీద చెంబు పడేది.

వెనకాడుతున్నాడా! నా తమ్ముడా! అమ్మ పోయిన ఏడు నీకు తొమ్మిదేళ్ళు. స్కూలు వెనక చెరువు మీద నీ కంటే రెండింతలున్న వాళ్ళ మధ్య దూరి, పెదవి చీల్చుకుని ఇంటికొచ్చి, రక్తం మింగుతూ సూపు తాగినవాడివి. నేనడిగితే ఉప్పెక్కువైందన్నావు. వాడు ఆ మాట దేశమంతా వినేలా అన్నాడు. వాడే సూదులు పొడిపించి, వాడే ఆడించి, కాలు కదలకపోతే మనసు పెట్టలేదంటాడా? ముసలిదని పిలిచినా ఊరుకుంటుంది కానీ పిరికిదని పిలిస్తే మా గొడ్ల పాకలో కుక్క కూడా ఊరుకోదు.

నువ్వు చెప్పలేవు. నాకు ఏ మేనేజరూ లేడు.

నీ అక్క,
జెన్యా


బాథర్స్ట్
3 డిసెంబరు 1981

అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, మంచు తుఫానుకి టపా ఆగిపోయిందంటున్నారు. అయినా ఆగలేక రాస్తున్నాను. ఇది చదివి పొయ్యిలో పెట్టు.

పై లీగు స్పోకేన్ క్లబ్బు మనిషి ఒకడు మా ఆటలకి వస్తున్నాడు. ఆటగాళ్ళని వెతికి పెట్టే స్కౌటు, పేరు బాబియాక్. మన వైపువాడే, యార్క్‌టన్ దగ్గర ఇల్లు. గోలు వెనక పై వరసలో ఒంటరిగా కూర్చుని, మా జోడీ మంచు మీదికి దిగగానే పెన్సిలు తీస్తాడు. స్పోకేన్‌లో ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్ళు దెబ్బలు తగిలి మంచం మీదున్నారు. థెరియో నిన్న నన్ను పిలిచి, "మీ జోడీ గురించి చాలా అడుగుతున్నాడు ఒరెస్ట్, కాస్త చూసి ఆడు" అన్నాడు. కుర్ర మెక్‌ఫేల్‌కి పై లీగులో అనుభవం సున్నా. దెబ్బ తిన్న జట్టుకి కావాల్సింది అనుభవమే కదా!

ఈ ఊరి డాక్టరు ఒకాయన ఏమీ అడగకుండా సూది వేస్తున్నాడు. ఆదివారం ఆటలో నేను పాతికేళ్ళవాడిలా తిరిగాను. ఒకణ్ణి చెక్క గోడకి అంటించాను, వాడు లేచి నాకు సారీ చెప్పాడు! క్రిస్మస్ లోపల పైకి పోతాననిపిస్తోంది. ఇంకొక్క ఏడు, అక్కా. డగ్గన్ ఎదురుగా, హామిల్టన్ మంచు మీద, స్పోకేన్ స్వెట్టరులో ఒక్క ఆట ఆడితే చాలు. ఆ తర్వాత నేనే మానేస్తాను. వాళ్ళు మాన్పించడం కాదు, నేను మానేయాలి. తేడా నీకు తెలుసు.

ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మోకాలు.

ఒరెస్ట్


కలీనా
6 డిసెంబరు 1981, ఆదివారం, చర్చి నుంచి రాగానే

తమ్ముడూ!

చేశాను. ఊళ్ళో అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నారు. ఫాదరు గారు కూడా.

నిన్న సాయంత్రం రెజీనా రేడియోలో హాకీ ఫోను కార్యక్రమం వచ్చింది. వారం వారం ఎవరెవరో పనిలేనివాళ్ళు ఫోను చేసి వాగుతుంటారే, అది. నేనూ తిప్పాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"లైన్లో ఎవరండీ?"

"జెన్యా మజూర్‌ని, కలీనా నుంచి. ఒరెస్ట్ హవ్రిలుక్ అక్కని."

"ఓహో! చెప్పండమ్మా, తమ్ముడు బాగున్నాడా?"

"బాగుంటే మీకెందుకు ఫోను చేస్తాను బాబూ? ఆ హామిల్టన్ డగ్గన్ మా వాడు ఆట మీద మనసు పెట్టలేదన్నాడు. మనసు పెట్టాడు, మోకాలు కూడా పెట్టాడు. మూడేళ్ళ నుంచీ ఆ కుడి మోకాలు లోపల అరిగిపోయి ఉంటే, ఆట ఆటకీ సూది పొడిచి మంచు మీదికి తోలింది ఎవరు? వాడి డాక్టరు! వేసవిలో మా ఇంటికొస్తే మెట్లు కూర్చుని దిగుతాడు మా వాడు. అలాంటి కాలేసుకుని ఒక్క ఆట మానలేదు. దీన్ని వెనకాడటం అంటారా మీ ఊళ్ళో?"

ఇంతలో మన లైను మీంచి ప్రోకోపమ్మ అందుకుంది: "నిజమేనండీ, ఆ మోకాలు నేనూ చూశా. క్యాబేజీ అంత ఉంటది!" మొదటిసారి ఆవిడ దొంగతనంగా వినడం పనికొచ్చింది. నేను ఇంకా రెండు ముక్కలు అన్నాను, అవి ఆదివారం రాయకూడదు.

క్యాంటీన్‌లో రేడియో పెట్టుకుని విన్నారట అందరూ. ప్రోకోపు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడట. మీ బావ ఒక్కడే టోపీ పెట్టుకుని బండి దగ్గరికి పోయాడు. ఆయన సంగతి తెలిసిందేగా.

ఇప్పుడు తెలిసింది దేశానికి నువ్వేమిటో. తల ఎత్తుకుని ఉండు.

గర్వంతో,
నీ అక్క


బాథర్స్ట్
16 డిసెంబరు 1981

జెన్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి వచ్చాయి. అప్పటికే నాకు తెలుసు. దేశమంతటికీ తెలుసు. నువ్వు కోరుకున్నదదే కదా.

శీతాకాలం శనివారం సాయంత్రం సస్కచెవాన్ రోడ్ల మీద ఎవరుంటారో నీకు తెలియదా? రింకు పక్కనే పుట్టి పెరిగావు! లీగులో సగంమంది స్కౌట్లు ఆ వేళకి ఒక ఊరి ఆట నుంచి ఇంకో ఊరి ఆటకి కారులో పోతుంటారు. కారులో ఏముంటుంది? రేడియో. ఏం వింటారు? ఆ కార్యక్రమమే వింటారు. నువ్వు లీగుకి లీగునే కూర్చోబెట్టి నా మోకాలు విప్పి చూపించావు. మంగళవారానికల్లా టొరంటో పేపర్లలో వచ్చింది.

బాబియాక్ ఆ తర్వాత ఒక్క ఆటకి వచ్చాడు. నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర ఎదురుపడితే నా మొహం చూడలేదు, కింద చూశాడు. కాలు చూశాడు.

డగ్గన్ ఫోను చేసి నడవలో అందరూ వినేలా అరిచాడు. వాడి సరుకు నువ్వు పాడుచేశావట. నిన్న రాత్రి ఆటకి అవతలి ఊరివాళ్ళు చేతికర్రలు తెచ్చుకున్నారు. కుంటివాళ్ళు వేసుకునే కర్రలు. నేను మంచు మీదికి దిగిన ప్రతిసారీ వాటిని పైకెత్తి ఊపారు. రెండో భాగంలో ఒక పిల్లకుంక నేరుగా అక్కడే కొట్టాడు. వాడికి రెండు నిమిషాలు శిక్ష వేశారు. నాకెంత వేశారో నీకు తెలుసు.

నోరు మూసుకోమని దణ్ణం పెట్టాను. పెట్టానా, లేదా? నాకు నీ గర్వం వద్దు. నాకు కావాల్సింది ఒక్క ఏడు, అదీ నువ్వు తినేశావు.

నాకు ఉత్తరాలు రాయకు.

ఒరెస్ట్ హవ్రిలుక్


కలీనా
8 జనవరి 1982

ఒరెస్ట్‌కి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. సూపు తాగనన్నప్పుడు ముక్కు పట్టుకుని పోసినదాన్ని, నీ మాట ఎప్పుడు విన్నాను?

నీ మూడో తేదీ ఉత్తరం నాకు పన్నెండున అందింది. ముందే అందితే ఫోను ముట్టుకునేదాన్నా అని ఆలోచించాను. దాని మీద ప్రమాణం చెయ్యలేను. కానీ నువ్వు నన్ను తిట్టావు కాబట్టి నేనూ ఒక మాట అడుగుతాను. నేను చెప్పింది అబద్ధమా? ఒక్క ముక్క అబద్ధమా? మరి నువ్వు చేయబోయిందేమిటి? కుంటి గుర్రానికి కాలికి రంగు పూసి సంతలో నిలబెట్టడం. గుర్రమూ నువ్వే, అమ్మేవాడివీ నువ్వే. పైగా ఇంటి పేరుతో సహా సంతకం పెట్టావు అక్కకి. నేనేమన్నా బ్యాంకా?

ఒక మనిషిని వాడుకున్నంతకాలం వాడుకుని, పిరికివాడని ముద్ర వేసి పంపితే, ఆ మనిషి తాలూకు వాళ్ళు నోరు మూసుకోవాలట. ఎందుకూ? ఆ మనిషికి ఇంకోచోట అలాగే వాడుకునే అవకాశం వస్తుంది కాబట్టి. ఇదేనా మీ లీగు పద్ధతి? తగలబడనీ. నాకు పశ్చాత్తాపం లేదు.

మొన్న మన పాత పంచాంగం క్రిస్మస్ భోజనానికి పన్నెండు వంటలూ చేశాను. పోయినవాళ్ళ కోసం ఖాళీ కంచం పెడతాం కదా, మీ బావ దాని పక్కన ఇంకొకటి పెట్టాడు. ఎవరికని అడిగాను. "ఒరెస్ట్‌కి. ఈసారి ఉత్తరం కూడా రాలేదుగా" అన్నాడు. ఆ కంచం తీసి అలమారలో పెట్టేశాను. బతికున్నవాడికి ఆ వరసలో పెట్టకూడదు. అలిగినవాడికి అసలే పెట్టకూడదు, వచ్చి తినాలి.

బాతు కొవ్వు సీసా విడిగా పంపుతున్నాను. నా మీద కోపంతో దాన్ని పారేయకు, బాతు నీకేమీ చెయ్యలేదు.

జెన్యా


కలీనా
9 ఫిబ్రవరి 1982

ఒరెస్ట్,

నీ దగ్గర్నుంచి కబురు లేదు. ఉండాలని కూడా అనను.

చిన్న ఉత్తరం ఇది. నువ్వన్నదే నిజం. తప్పు నాది. స్పోకేన్‌వాళ్ళు నిన్ను తీసుకునేవాళ్ళే, అందులో అనుమానం లేదు. నా నోటి వల్లే పోయింది. గుర్రమనీ, సంత అనీ రాసిన మాటలు కొట్టేసుకో. నువ్వు నన్ను ఎంతకాలం తిట్టుకుంటావో తిట్టుకో, నేను పడతాను.

ఆట మాత్రం మానకు. ఏడు పూర్తి చెయ్యి.

మీ బావ అడిగానని చెప్పమన్నాడు.

అక్క


బాథర్స్ట్
12 మార్చి 1982

అక్కా,

నీ ఫిబ్రవరి ఉత్తరం చదివినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నా జన్మలో నువ్వు తప్పు నాది అనడం వినలేదు. పెళ్ళి రోజున బావ కోటు కాల్చి, ఇస్త్రీ పెట్టెని తిట్టినదానివి. కానీ నాకు అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ మాట నాకు కావాలి. నాలుగు ముక్కల ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని తిరిగాను. ప్రతి ఆటకీ స్కేట్లు కట్టుకుంటూ నిన్ను తిట్టుకున్నాను. చూశావా, అదే ఒప్పుకుంది, లేకపోతే నేనిప్పుడు పైన ఉండేవాణ్ణి అనుకుంటూ బస్సెక్కాను. ఆ కోపంతో బాగా ఆడాను కూడా.

నిన్న మెక్‌ఫేల్‌ని స్పోకేన్‌వాళ్ళు కొనుక్కున్నారు. వాణ్ణి తీసుకెళ్ళడానికి బాబియాక్ వచ్చాడు. సామాను కారులో పెడుతుంటే వెళ్ళి అడిగాను.

"ఆ రోజు మా అక్క రేడియోలో మాట్లాడకపోతే నన్ను తీసుకునేవాళ్ళేగా?"

"ఇప్పుడెందుకులే ఒరెస్ట్, చలిగా ఉంది, లోపలికి పో."

"చెప్పు. ఇంతకాలం ఆడాను, ఆ మాత్రం మాట నాకు బాకీ లేరా మీరు?"

"మీ అక్కకి మాటిచ్చానయ్యా, చెప్పనని."

వదల్లేదు నేను. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెప్పాడు. జనవరి చివర్లో ఏదో కుర్రాళ్ళ ఆట చూడ్డానికి కలీనా వచ్చాడట. వాడెవడో తెలియగానే నువ్వు కౌంటరు దాటి వెళ్ళి, "మా వాడి మోకాలు బంగారం, రేడియోలో నేను అబద్ధమాడాను, కావాలంటే బైబిలు మీద చెయ్యేస్తా, వాణ్ణి తీసుకెళ్ళండి" అన్నావట. నువ్వు! అబద్ధం ఆడలేదని నాతో పోట్లాడి నెల తిరగలేదు!

"ఆవిడ్ని చూస్తే జాలేసి ఉన్నది చెప్పేశా. మేం మొదట్నుంచీ వచ్చింది మెక్‌ఫేల్ కోసమే. నీ మోకాలి సంగతి లీగులో అందరికీ ఎప్పుడో తెలుసు ఒరెస్ట్. మెట్లు దిగేటప్పుడు నువ్వు రెయిలింగు పట్టుకునే తీరు చూస్తే తెలీదా? మీ అక్క రేడియోలో కొత్తగా చెప్పిందేం లేదు. నేను కారులో విన్నా, పాపం అనుకున్నా, అంతే."

నువ్వేమన్నావని అడిగాను. కాఫీ పోశావట, రెండోసారి కూడా పోశావట. పోతూ ఉంటే మాత్రం తలుపు దాకా వచ్చి, ఈ మాట మా వాడి చెవిన పడితే ఈ ఊళ్ళో నీకు మళ్ళీ మంచినీళ్ళు పుట్టవని చెప్పావట.

ఎవరిచ్చారు నీకీ హక్కు? డగ్గన్ నాకు తెలియకుండా నా గురించి తేల్చాడు, లీగువాళ్ళు తేల్చారు, చివరికి నువ్వు కూడానా? తెలిసిన నిజం దాచి, చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని, నన్ను నెలకి పైగా పిచ్చివాణ్ణి చేశావు. ఇదంతా చదివి నువ్వు నవ్వుతావేమో, నేను నవ్వడం లేదు. నిజం చెప్పనా? నీ మీద కోపం ఉన్నంతకాలం నేను ఎవరికో కావలసిన ఆటగాణ్ణి. నువ్వు అడ్డుపడకపోతే పైన ఉండాల్సినవాణ్ణి. ఇప్పుడు నీ మీద కోపం పోయింది. దానితో పాటే అదీ పోయింది. నేను ముప్ఫై అయిదేళ్ళ కుంటివాణ్ణి, ఎవరూ చూడ్డానికి కూడా రాలేదు. అంతే సంగతి.

ఆటలు ఇంకా నెల ఉన్నాయి. ఆడతాను, మధ్యలో వదిలేసి పోవడం నాకు రాదు. ఆ తర్వాత పిల్ల స్కూలు అయిపోగానే ముగ్గురం అక్కడికి వస్తాం.

నిన్ను అనకూడని మాటలు అన్నాను. క్షమించు.

నీ తమ్ముడు,
ఒరెస్ట్


కలీనా
19 మార్చి 1982

ఒరే ఒరెస్ట్,

క్షమించడం లేదు. ఆ మాట వెనక్కి తీసుకో.

ఆ బాబియాక్ మాట నమ్ముతావా నువ్వు? కొనకపోయిన ప్రతి సరుకునీ నాకు మొదట్నుంచీ అక్కర్లేదు అనే రకం వాడు. సంతలో అందరూ అదే అంటారు. కాఫీ పోసినందుకు ఇచ్చిన మాట నిలబెట్టుకోలేనివాడు నిజం చెప్పాడంటే నేనొప్పుకోను.

నేను చెప్పేది విను. జనవరి నుంచీ ఊళ్ళో అందరికీ నేనే చెప్పుకుంటూ తిరుగుతున్నాను, స్పోకేన్‌వాళ్ళు మా వాణ్ణి తీసుకోబోతుంటే నా పాడు నోరు చెడగొట్టిందని. అందరూ నమ్మారు. చప్పట్లు కొట్టినవాళ్ళే ఇప్పుడు నన్ను చూసి తల ఊపుతున్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర వయసైపోయింది అన్న మాట ఆగిపోయింది. "పాపం ఒరెస్ట్, పై లీగువాళ్ళు పిలుస్తుంటే అక్క కొంప ముంచింది" అంటున్నారు. ప్రోకోపు నా ఎదురుగానే అన్నాడు. వాడి కప్పు నిండా పోశాను.

వేసవిలో వస్తావు కదా. క్యాంటీన్‌లోకి వచ్చినప్పుడు నన్ను చూసి మొహం తిప్పుకో. పలకరించకు. నలుగురూ చూస్తుండగా కాఫీ డబ్బులు బల్ల మీద పడేసి పో. ఇంటికొచ్చాక కావాల్సినంత మాట్లాడుకుందాం, మోకాలికి కొవ్వు రాస్తాను. బయట మాత్రం నీ కోపం నీకుండాలి. ఎవరైనా అడిగితే, మా అక్క చెడగొట్టింది, లేకపోతే ఇంకో ఏడు ఆడేవాణ్ణి అను. నేను పక్కనే తల వంచుకుని నిలబడతాను. నాకు అలవాటు లేదు, నేర్చుకుంటాను.

ఆ తప్పు నాది ఒరెస్ట్. దాన్ని నా దగ్గర్నుంచి లాక్కోకు.

నీ ఆట చెడగొట్టిన అక్క,
జెన్యా